పెద్దమోకు తెల్ల కొస

కిందటి వారం తాళ్ళక్కని గోదాములో నిచ్చెన మీద వదిలి వచ్చాం. పోటీకి ముందు రోజు, మధ్యాహ్నం వేళ, పెద్దమోకుని కిందికి దించబోతూ అలవాటుగా బొటనవేలితో ఒకసారి రుద్దింది. వేలికి గోధుమరంగు పొడి అంటింది. కాపురానికి వచ్చింది మొదలు తాళ్ళ మధ్యే బతికిన మనిషి. ఆ పొడి ఏం చెబుతోందో ఆమెకు వెంటనే తెలిసింది. తెలిసినా, తెలియనట్టే మోకుని దించి గోదాము తలుపుకి లోపలినుంచి గడియ పెట్టుకుంది.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏటికి ఇటొక యూనివర్సిటీ, అటొక యూనివర్సిటీ. ఇటుదాన్ని పాతదంటారు, అటుదాన్ని కొత్తదంటారు. కొత్తదాని గోడలకి పాచి పట్టి కూడా తరాలు గడిచాయి గానీ పేరు మారలేదు. వంతెన లేని రోజుల్లో ఏరు దాటించే పడవ ఒక్కటే ఉండేది. ఓ సాయంత్రం పడవ మాకంటే మాకని రెండు యూనివర్సిటీల కుర్రాళ్ళూ చెరో ఒడ్డునుంచి దాని మోకు పట్టుకుని లాగారట. పడవ నడిఏట్లో మునిగింది. పంతం మాత్రం ఈదుకుంటూ రెండు ఒడ్డులకీ చేరింది. అప్పటినుంచి ఏడాదికోసారి పోటీ పెట్టుకుని ఆ మోకునే లాగుతున్నారు. అదే పెద్దమోకు. మిగతా రోజుల్లో దాన్ని ఎవరు దాచాలన్న తగువు వచ్చినప్పుడు రెండు ఒడ్డులవాళ్ళకీ నమ్మకం కుదిరింది ఇప్పుడు తాళ్ళక్క నడుపుతున్న తాళ్ళ దుకాణం ఒక్కదాని మీదే. ఆ దుకాణం రెండు ఒడ్డులకీ సరుకు అమ్మేది. ఇద్దరితోనూ బేరం ఉన్నవాడు ఇద్దరిలో ఎవరినీ చెడగొట్టుకోడు. మంచితనం మీద పెట్టిన నమ్మకం కంటే బేరం మీద పెట్టిన నమ్మకం నాలుగు కాలాలు నిలుస్తుంది.

మోకుకి కట్టుబాట్లున్నాయి. దానికి కత్తి తగలకూడదు, పురి విప్పకూడదు. నల్లరంగు అద్దిన కొస పాతవాళ్ళది, తెల్లరంగు అద్దిన కొస కొత్తవాళ్ళది. ఏటా ఓడిన జట్టు కెప్టెన్ చొక్కా చించి, మరుసటి పోటీకి ముందు రోజు నడిమధ్యన ఒక పీలిక కడతారు; ఆ పీలికలన్నీ పేరుకుని ఇప్పుడు నడిమి గుడ్డ గుమ్మడికాయంత అయింది. మోకు ఎప్పుడైనా తెగితే నడిమి గుడ్డ ఎవరి ముక్కకి మిగిలితే గెలుపు వాళ్ళది. పోటీ జరగకపోతే కిందటేడు గెలిచినవాళ్ళే ఈ ఏడు కూడా గెలిచినట్టు. ఇంకొకటి: పోటీకి ముందు రాత్రి మోకు పక్కన పడుకుని కాపలా కాయాల్సింది ఓడిన జట్టు కోచ్. ఓడినవాడికి ఎలాగూ నిద్ర పట్టదని పెద్దలు పెట్టిన ఏర్పాటు.

కిందటేడు ఓడింది పాత యూనివర్సిటీ. ఆ జట్టు కోచ్ తాళ్ళక్క సొంత తమ్ముడు. గెలిచిన కొత్త యూనివర్సిటీ జట్టులో చిట్టచివర, మోకుని భుజం మీదుగా వేసి చంక కిందనుంచి తీసి ఒంటికి చుట్టుకుని నిలబడేది ఆమె కన్నకొడుకు. పాతేసినట్టు నిలబడతాడు కాబట్టి వాడిని అందరూ గుంజ అంటారు.

ఇక గోదాములోకి వెళదాం.

అక్కడ తాళ్ళక్క ఒక్కతే లేదు. మూలన, గోనెగుడ్డ చుట్టిన గుండ్రటి ఆసనం మీద అత్తగారు కూర్చుని ఉంది. లారీ టైరంత ఆసనం అది. ఆవిడ పొద్దున్న వచ్చి కూర్చుంటే పొద్దుపోయాకే లేస్తుంది. వినాలనుకున్నప్పుడు మాత్రమే పనిచేసే చెవులు ఆవిడవి. అప్పటికి కళ్ళు మూసుకుని ఉంది కదా అని కోడలు ఆవిడని లెక్కలో వేసుకోలేదు. మాట్లాడనివాడికి బేరం తెలియదనుకోవడం వ్యాపారికి తగని పని.

తాళ్ళక్క కొయ్యమేకు తీసి మోకు పురుల మధ్య గుచ్చి మెల్లిగా మెలితిప్పింది. కట్టుబాటు తప్పుతోందని తెలుసు. కానీ సంచి మూతి విప్పకుండా సరుకు నాణ్యం చెప్పేవాడు జ్యోతిష్కుడు అవుతాడు గానీ వ్యాపారి కాడు. పైన నూనెతో నిగనిగలాడుతున్న నార లోపల చెదతిన్న చెక్కలా ఉంది. చిటికెతో పట్టుకుంటే నుసి అయింది. బూజు వాసన గుప్పున కొట్టింది. నల్ల కొస వైపు కూడా మేకు గుచ్చి చూసింది. అక్కడ నార గట్టిగా, లేతపసుపుగా, కొత్తదానిలా ఉంది. నడిమి గుడ్డ దాటాక తెల్ల కొస వైపే పోయింది.

ఎందుకు పోయిందో కూడా ఆమెకు తెలుసు. కిందటేడు పోటీ వానలో జరిగింది. మోకు నీరుకారుతూ తిరిగొచ్చింది. పోటీ మర్నాడు జనం దుకాణానికి వస్తారు, పెద్దమోకుని తాకి చూస్తారు, తాకిన చేత్తోనే తలా ఒక తాడు కొనుక్కుని వెళతారు. తడిసిన నారని నీడలో బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే నూనె పట్టించాలి. ఆరేదాకా మోకు ఆగుతుంది, జనం ఆగరు. అందుకని పై తడి గుడ్డతో ఒత్తేసి, దానిమీదే నూనె రాసి, మెరిసేలా దుకాణం ముందు వేలాడదీసింది. తెల్ల కొస కిందికి ఉంది. లోపలి తడంతా అటే దిగింది, పైనున్న నూనె దాన్ని బయటికి పోనివ్వలేదు. ఆ రోజు మెరుపు అమ్ముడుపోయింది. తడి మాత్రం లోపలే ఉండి పెరిగింది.

తాడు తెగితే ఏమవుతుందో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. బస్తాలు దించే తాడు తెగి వెనక్కి కొట్టినప్పుడు మొగుడి కుడిచేతి వేళ్ళు రెండు ఎగిరిపోయాయి. అది వేలెడు లావు తాడు. ఇది మణికట్టంత మోకు. రేపు రెండు జట్ల బలం దానిమీద పడుతుంది, చివర దాన్ని ఒంటికి చుట్టుకుని కొడుకు ఉంటాడు. మొగుడు ఆ పూట మైదానం చుట్టూ కట్టే తాళ్ళు చూసుకోవడానికి వెళ్ళాడు. ఉన్నా చెప్పేది కాదు. ఆ మిగిలిన వేళ్ళు వణకడం ఆమె చూసి తట్టుకోలేదు.

నోరు విప్పితే పోటీ ఆగుతుంది. ఆగితే గెలుపు కొడుకు జట్టుది. పురి విప్పింది ఎవరు? తల్లి. గెలిచింది ఎవరు? కొడుకు. ఇంత సులువైన కూడికని ఊరు తప్పుగా వేస్తుందా? దుకాణం మీద నమ్మకం ఆ పూటతో సరి. అటుపక్క తమ్ముడి ఏడాది కష్టం ఏట్లో పోతుంది. నోరు విప్పకపోతే కొడుకు. నిజం చెప్పినా నష్టమే వచ్చే బేరం ఆమె జీవితంలో ఇదే మొదటిది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో చేతిలో మేకు.

తలుపు చప్పుడైంది.

"అక్కా, నేనే. పట్టపగలు గడియేంటి?"

తమ్ముడు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. తన పెళ్ళిలో కూడా చొక్కా కింద అది ఉందని చెప్పుకుంటారు. ఊరికంతటికీ విజిల్ మాస్టారు. ఓడిన జట్టు పీలిక కట్టడానికి రావాల్సిన రోజే, రావాల్సిన వేళే వచ్చాడు. తప్పు ఆయనది కాదు. తాళ్ళక్క మేకుని చీర కుచ్చిళ్ళ వెనక పెట్టుకుని గడియ తీసింది.

"పీలిక ఇలా ఇచ్చి వెళ్ళు. నేను కడతాలే."

"నువ్వు కడతావా? ఓడింది నేనైతే నువ్వెందుకు కడతావ్?" అంటూ లోపలికి వచ్చేశాడు. రెండడుగులు వేసి ఆగాడు. నేలమీద చూశాడు. "ఏంటిది?"

"పొడి."

"పొడని కనపడుతోంది. ఎక్కడ రాలిందంటున్నా."

ఆయన మోకు దగ్గరికి వెళ్ళాడు. విడిపోయిన పురులు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

"పురి విప్పావా?"

"విప్పాను."

"నువ్వు."

"నేనే. పక్కింటావిడ వచ్చి విప్పలేదు."

విజిల్ మాస్టారు తలుపు దగ్గరకి వేసి వచ్చాడు. గొంతు పెరగలేదు, తగ్గింది. తగ్గితేనే ఆయన కోపం అసలైనదని అక్కకి చిన్నప్పటినుంచీ తెలుసు.

"మీవాళ్ళు ఈసారి నిలబడలేరని రెండు ఒడ్డులూ అంటున్నాయి. మావాళ్ళు ఏడాదంతా చెట్లకి తాళ్ళు కట్టి లాగారు. అరచేతులు చూపిస్తే ఏడుస్తావు. ఇప్పుడేమో మోకు పాడైందంటావు. పోటీ ఆగిపోతుంది. కప్పు ఏరు దాటక్కర్లేకుండా అవతలే ఉంటుంది. బాగా కలిసొచ్చిందక్కా నీకు."

"నోటికొచ్చింది మాట్లాడకు. చెయ్యి పెట్టి చూడు."

"నేనెందుకు చూడాలి? తాళ్ళు అమ్మేది నువ్వు. ఏది ఎలా పాడవుతుందో, ఎలా పాడుచెయ్యాలో నాకంటే నీకే తెలుసు."

"రేయ్," అంది తాళ్ళక్క. అంతే అంది. ఆ ఒక్క మాటలో ఆయన చెవి పట్టుకుని బడికి లాక్కెళ్ళిన రోజులన్నీ ఉన్నాయి. విజిల్ మాస్టారు వంగి, విడిన పురుల్లో వేలు పెట్టాడు. వేలు తీశాక దానివంక చాలాసేపు చూశాడు.

ఆమె అప్పుడు వాన సంగతి, నూనె సంగతి చెప్పింది. దాచుకోలేదు. సరుకులో పురుగుందని తెలిసిపోయాక ఇంకా పొగడటం తన పద్ధతి కాదు.

"అయితే నువ్వే చేశావు," అన్నాడు తమ్ముడు.

"నేనే. కానీ వాడి కోసం కాదు. అమ్మకం కోసం."

"అదొక తేడా మళ్ళీ." ఆయన గోడకి చేరబడ్డాడు. "నీకింకో సంగతి తెలియదు. నిన్న ఆఫీసుకి పిలిచారు. కుర్చీ కూడా వెయ్యలేదు. ఈసారీ ఓడితే ఇంకో కోచ్‌ని చూసుకుంటాం అన్నారు. నవ్వుతూ అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఈ వయసులో నాకు విజిల్ ఊదడం తప్ప ఏమొచ్చక్కా?"

అమ్మ పోయాక జడలు తనకి. వాడికి చొక్కా బొత్తాలు. ఇద్దర్నీ తనే తయారుచేసుకుని బడికి వెళ్ళిన రోజులు తాళ్ళక్కకి గుర్తొచ్చాయి. గుర్తొచ్చి ఉపయోగం లేదు.

"ఎంత పోయింది?" అన్నాడాయన.

"నడిమి గుడ్డ దాటాక, జానెడు దూరంలో మొదలైంది. రేపు గట్టిగా లాగితే నిలవదు."

"ఎటువైపు?"

"తెల్ల కొస వైపే. నల్ల కొస రాయిలా ఉంది."

విజిల్ మాస్టారు మెడలోని విజిల్‌ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. "మా వైపు బాగుందన్నమాట," అన్నాడు చివరికి.

"బాగుంటే ఏం లాభం? తెగితే వాడేం కావాలి?"

"అవును," అన్నాడు. విజిల్ వదిలేసి మళ్ళీ, "వాడేం కావాలి," అన్నాడు.

"మీ ఇద్దరిదీ అయిందా? నేను మాట్లాడొచ్చా?"

మూలనుంచి అత్తగారు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఎప్పటినుంచి తెరుచుకున్నాయో ఇద్దరికీ తెలియదు.

"అత్తయ్యా, మీరు పడుకున్నారనుకున్నా."

"కూర్చుని పడుకోవడానికి నేనేం కొంగనా? ఇంతకీ పడవ మోకు పోయిందని ఏడుస్తున్నారా మీరు?"

"పోయిందత్తయ్యా. నావల్లే."

"నీ మొహం. పడవ మోకు నేను కాపురానికి వచ్చిన కొత్తల్లోనే పోయింది. పట్టుకుంటే పీచు చేతిలోకి వచ్చేది. ఆ చివర మీ మామగారు, ఈ చివర నేను నిలబడి కొత్తదానికి పురి పెట్టాం. ఇదిగో, ఈ అరచేతిలో కాయ అప్పటిదే. ఉన్న పీలికలన్నీ ఒక్కొక్కటే విప్పి దీనికి కట్టాం. కొసలకి రంగులద్దాం. ఎవడికి తెలిసింది?"

విజిల్ మాస్టారి నోరు తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది.

"అంటే, ఇన్నేళ్ళూ మావాళ్ళు లాగింది..."

"తాడునే లాగారు నాయనా. తాడు కాకపోతే ఏం లాగుతారు? పడవ ఎక్కలేకపోయామని బాధా?"

"దీని ముందు నిలబడి పెద్దపెద్దవాళ్ళు ఉపన్యాసాలిచ్చారండీ అత్తయ్యగారూ. ఈ మోకులో మన పూర్వీకుల చెమట ఉందని."

"చెమట ఉంది. ఎవరిదో చెప్పలేదంతే. నాది."

తాళ్ళక్క నోటిదాకా మోసమన్న మాట వచ్చింది. వచ్చి ఆగింది. రెండు ఒడ్డులూ ఈ గడప మీద పెట్టిన నమ్మకమంతా ఒక పాత అబద్ధం మీద నిలబడి ఉందని తెలిస్తే కాళ్ళకింద నేల కదలాలి. కదిలింది కూడా. కానీ ఆమె బుర్ర అప్పటికే తూకం వేస్తోంది. అత్తామామల అబద్ధం ఎవరి వేళ్ళూ తియ్యలేదు. ఎవరి గెలుపూ మార్చలేదు. రెండు వైపులా సమానమైన గట్టి తాడు ఇచ్చింది. తను నిజమని నమ్మి కాపాడిన మోకే రేపు కొడుకుని కొట్టబోతోంది. తాడే పామై కరవడమంటే ఇదే.

"ఇప్పుడు కొత్తది పేనడానికి వేళ ఎక్కడుందత్తయ్యా? సాయంత్రానికి జట్లు వచ్చేస్తాయి."

"పేనమన్నానా? ఒకటి చేసినవాళ్ళకి రెండోది ఎప్పుడో అవసరం పడుతుందని తెలియదా? అప్పుడే జంటగా చేసి రెండోదానికీ రంగులద్దాం." ఆవిడ తన కిందున్న ఆసనం మీద అరచేత్తో తట్టింది. "నేను కూర్చున్నది ఏంటనుకున్నావు అమ్మాయ్, ఇన్నాళ్ళూ?"

తాళ్ళక్క వెళ్ళి గోనెగుడ్డ అంచు ఎత్తి చూసింది. చుట్టలు చుట్టలుగా మణికట్టంత మోకు. ఎక్కడా తడి ఎరగని నార. వేలితో నొక్కితే వేలికే నొప్పి పుట్టింది. ఎన్నిసార్లు ఈ ఆసనం పక్కన ఊడ్చింది. ఎన్నిసార్లు దీన్ని మార్చి కుర్చీ వేద్దామంటే ఆవిడ గయ్యిమంది. నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండూ దిగమింగింది.

"తమ్ముడూ," అంది. "నువ్వు ఒప్పుకుంటేనే. నీకు తెలియకుండా చెయ్యను. రెండు వైపులా గట్టి తాడు. మీవాళ్ళు లాగగలిగితే లాగుకుంటారు. గెలిస్తే నీ ఉద్యోగం నీకుంటుంది, ఓడినా వాడి చెయ్యి వాడికుంటుంది. ఇంతకంటే సరైన తూకం నాకు తెలియదు."

విజిల్ మాస్టారు చేతిలోని చొక్కా పీలికని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"వాడికి మడమలు నేలలో దిగేసి నిలబడటం నేర్పింది నేనే కదక్కా," అన్నాడు. "అవతలి యూనివర్సిటీలో చేరతాడని అప్పుడు తెలిస్తే నేర్పేవాణ్ణి కాదు."

"అందుకే అడుగుతున్నా."

"సరే. మారుద్దాం."

సరేనన్న మాట దొరికాక వ్యాపారి ఎదుటివాడి మొహం చూడడు. బేరం మళ్ళీ మొదలవుతుందని భయం. తాళ్ళక్క కూడా చూడలేదు.

అప్పుడే వీధిలో డప్పుల మోత వినిపించింది. జట్లు ముందే బయల్దేరాయి. పాతవాళ్ళ పాట, కొత్తవాళ్ళ ఎగతాళి పాట కలగాపులగంగా దగ్గరికి వస్తున్నాయి. తాళ్ళక్క తలుపు వైపు కదిలింది.

"నేను ముందు దుకాణంలో వాళ్ళని ఆపుతా. నువ్వు పీలికలన్నీ ఇటు విప్పి అటు కట్టు. మీద నూనెగుడ్డతో ఒకసారి తుడువు, మెరుపు కలవాలి. పాడైనదాన్ని గోనె కింద పెట్టు, అత్తయ్య దానిమీద కూర్చుంటారు. చెయ్యగలవా?"

"చేస్తాలే. నువ్వెళ్ళు."

ఆమె వెళ్ళింది. అరుగు నిండా కుర్రాళ్ళు. వచ్చినవాళ్ళందరికీ టీ అంది. ఏ ఏడూ ఇవ్వనిది ఈ ఏడు ఇస్తోందని ఎవరో అంటే, దుకాణం కాస్త బాగుందిలే అంది. పాలు మరగలేదంది. గ్లాసులు చాలలేదంది. పాతవాళ్ళ కెప్టెన్‌ని వాళ్ళ అమ్మ కాలునొప్పి గురించి అడిగింది, కొత్తవాళ్ళ కెప్టెన్‌ని పరీక్షల గురించి అడిగింది. మాట్లాడుతున్నంతసేపూ ఒక చెవి గోదాము తలుపు దగ్గరే ఉంది. లోపల చప్పుడు లేదు. పీలికలు విప్పడానికి చప్పుడెందుకవుతుందిలే అనుకుంది.

గుంజ గుంపులోంచి తోసుకుంటూ వచ్చాడు. భుజాలు తలుపంత. మొహం మాత్రం ఇంకా పాలుగారే మొహమే.

"ఏంటమ్మా, చేతులు వణుకుతున్నాయి? మేం ఓడిపోతామని ఇప్పటినుంచే దిగులా?"

"టీ కాలింది."

"కాలితే ఊదుకోవాలి. వణకకూడదు," అని ఆమె గ్లాసు తీసుకుని తనే తాగేశాడు.

గోదాము తలుపు తెరుచుకుంది. విజిల్ మాస్టారు గడపలో నిలబడ్డాడు. నుదుటిమీద చెమట, చేతులకి నూనె.

"మోకు సిద్ధం," అన్నాడు.

తాళ్ళక్క ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన తల ఊపాడు. రెండు జట్లూ లోపలికి తోసుకొచ్చి మోకుని భుజాల మీదికి ఎత్తుకున్నాయి. నడిమధ్యన గుమ్మడికాయంత గుడ్డ, దానిమీద ఈ ఏటి పీలిక కొత్తగా. నల్ల కొస ముందు, తెల్ల కొస వెనక. వెనక కొస గుంజ భుజం మీద. నూనె మెరుస్తోంది. ఆమె ఆ మెరుపే చూసి తృప్తిపడింది. కిందటేడు జనానికి అమ్మిన మెరుపుని ఈ ఏడు తనే కొనుక్కుంది.

గడప దాటుతుంటే విజిల్ మాస్టారు మేనల్లుడి పక్కన నడిచాడు. వాడి మెడ మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్ అల్లుడూ. రేపు దాన్ని ఒంటికి చుట్టుకోకురా. చేత్తో పట్టుకో చాలు."

గుంజ పెద్దగా నవ్వాడు. "నన్ను కదిలించడానికి ఇదా మామయ్యా నీ ఎత్తు? ఏడాదంతా ఆలోచించి ఇదే దొరికిందా? రేపు ఒక చుట్టు కాదు, రెండు చుట్లు వేస్తా చూడు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. తాళ్ళక్క కూడా నవ్వింది. విజిల్ మాస్టారు నవ్వలేదు గానీ, ఓడిన కోచ్ నవ్వకపోతే ఎవరు పట్టించుకుంటారు? ఊరేగింపు వీధి మలుపు తిరిగింది. డప్పులు వంతెన వైపు సాగాయి.

అరుగంతా టీ గ్లాసులు, పాదాల మట్టి. తాళ్ళక్క చీపురు తీసుకుంది. గోదాము గడప దగ్గర మొదలుపెట్టి రెండు ఊడ్పులు ఊడ్చి, ఆగింది.

గడప మీద గోధుమరంగు గీత. సన్నగా, ముగ్గుపిండి జారినట్టు. అది గడప దాటి అరుగు మీదికి వెళ్ళింది. అరుగు దిగి మెట్ల మీదుగా వీధిలోకి వెళ్ళింది. ఎటు వెళ్ళిందో చూడటానికి ఆమె తల ఎత్తింది. మలుపు దాకా ఉంది.

గట్టి నార పొడి రాల్చదు.

కాదులే, అనుకుంది. ఇది మధ్యాహ్నం రాలిన పొడే, పాదాలకి అంటుకుని వచ్చింది. అనుకుంటూనే చీపురు అక్కడే వదిలేసి లోపలికి నడిచింది. అత్తగారు మూలన ఎప్పటిలాగే కూర్చుని ఉంది. గోనెగుడ్డ ఎప్పటిలాగే చుట్టి ఉంది. తాళ్ళక్క మోకాళ్ళ మీద కూలబడి గుడ్డ అంచు ఎత్తింది. చుట్టలోకి వేలు నొక్కింది.

వేలికి నొప్పి పుట్టింది.

"అత్తయ్యా." తాళ్ళక్క తల ఎత్తింది. "వాడు మార్చలేదా?"

"ఎలా మారుస్తాడమ్మా, నేను లేస్తే కదా," అంది ఆవిడ. "నన్ను లెమ్మని అడగనే లేదు. అక్క మనసు మార్చుకుంది అత్తయ్యగారూ, వాడు ఒంటికి చుట్టుకోకపోతే చాలట, ఉన్నదే ఉండనిమ్మంది అన్నాడు. పాపం, ఆ విడిన పురులు వాడే మూసి, నూనె రాసి, పీలిక కట్టాడు. కట్టేటప్పుడు ఏడుస్తున్నాడు కూడాను. ఓడిపోతామని కాబోలు అనుకున్నా."

వంతెన అవతలనుంచి డప్పులు ఇంకా లీలగా వినపడుతున్నాయి. రేపు పొద్దున్న మైదానంలోకి వచ్చేదాకా ఆ మోకు దగ్గరికి మరో మనిషి వెళ్ళడానికి లేదు. దాని పక్కన పడుకునేది ఓడిన జట్టు కోచ్. తెల్ల వైపు తెగితే నడిమి గుడ్డ మిగిలేది ఆ కోచ్ జట్టు ముక్కకే. కొడుకేమో రెండు చుట్లు వేస్తానని అందరి ముందూ మాట ఇచ్చాడు.

"లేవండత్తయ్యా," అంది తాళ్ళక్క.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. లేవండి. ఈ చివర మీరు పట్టుకోండి."